లూర్దమ్మ ఉప్పునీళ్ల మొక్కులు

నాచారంలో ఎవరికి జ్వరం తగిలినా లోలోపల సంతోషించే మనిషి లూర్దమ్మ ఒక్కతే. పైకి మాత్రం ఆ జాడ కనపడనిచ్చేది కాదు. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పోయి, పిల్లల నుదురు పట్టి చూసి, "అయ్యో బిడ్డా, పెంక లెక్క కాలుతున్నది గదా" అని, అక్కడే కళ్లు మూసుకుని వేళాంగణి మాతకు మొక్కేసేది. జ్వరాలలో చాలావాటికి వాటంతట అవే తగ్గే గుణం ఉంది. తగ్గాక మొక్కు తీర్చక తప్పదు. తీర్చాలంటే రైలెక్కి అరవదేశం దాకా పోవాలి. అక్కడ ఆ గుడి సముద్రం ఒడ్డున ఉంటుంది. లూర్దమ్మకు కావలసింది ఆ చివరి ముక్కే.

అలాగని ఆమెను దొంగ భక్తురాలు అనడానికి వీల్లేదు. ఆదివారం పూజ తప్పేది కాదు. జపమాల చెప్పనిదే పడుకునేది కాదు. మాత మీద ఆమెకు నిజంగానే గురి. అంత మంచి చోటు చూసి గుడి కట్టించుకున్న తల్లి మీద గురి లేకుండా ఎలా ఉంటుంది?

పుట్టింది జనగామ పక్కన ఒక పల్లెలో. అన్నల వెంటబడి మోటబావిలో ఈత నేర్చుకుంది. పెద్దన్న ఆమె వీపుకు ఎండు సొరబుర్రలు కట్టి గడ్డ మీది నుంచి తోసేశాడు. అలా తోశాక ఏడవాలో ఈదాలో తేల్చుకోవడానికి మనిషికి ఎక్కువ వ్యవధి ఉండదు. తరువాత సొరబుర్రలు ఊడదీసి కూడా ఈదింది. పెద్దమనిషి కాగానే ఇంట్లోవాళ్లు బడి, బావి ఒకేసారి మాన్పించారు. బడి సంగతి ఆమె తొందరగానే మరిచిపోయింది.

పెళ్లయి నాచారం వచ్చింది. భర్త జ్ఞానయ్య ఒక కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసేవాడు. నెమ్మదస్తుడు. ఇంట్లో చెల్లే మాట మాత్రం అతని తల్లి పాపమ్మది. లూర్దమ్మ మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనికి కుదిరింది. పొద్దంతా చేతులు నీళ్లలోనే. అయితే ఆ నీళ్లు మణికట్టు దాటి పైకి వచ్చేవి కావు. చెరువు దగ్గరలోనే ఉంది గానీ అందులో బర్రెలు, గట్టున మగవాళ్లు. ఫలానావాళ్ల కోడలు దిగి ఈత కొట్టిందంటే ఆమె ఒడ్డుకు చేరకముందే ఆ మాట ఉప్పల్ చౌరస్తాకు చేరుతుంది.

నిజానికి మొదటి మొక్కు లూర్దమ్మది కాదు, పాపమ్మదే. లూర్దమ్మ పెద్దకూతురు విక్టోరియాకు టైఫాయిడ్ వచ్చి, దవాఖానాలో డాక్టరు పెదవి విరిచినప్పుడు పాపమ్మ నేల మీద సాష్టాంగపడి మొక్కింది. పిల్ల లేచి కూర్చుని గంజి తాగింది. కానీ పాపమ్మకు రైలు పడదు. ఉప్పల్ నుంచి సికింద్రాబాదు బస్సులో పోయినా కడుపులో తిప్పుతుంది. అందుకని తన బదులు కోడలిని పంపింది. ఆ తప్పు తానే చేశానని తరువాత ఆమెకు చాలాసార్లు అనిపించింది.

తోడు ఉపదేశి అబ్బయ్య. ఫాదరు రాలేని రోజుల్లో ప్రార్థన నడిపించే పెద్దమనిషి ఆయన. ఏటా మాత పండుగకు ఉప్పల్, నాచారం వాళ్లను ఒక జట్టుగా కూడగట్టి తీసుకుపోయేవాడు. సికింద్రాబాదులో రైలెక్కినది మొదలు మద్రాసులో బండి మారి నాగపట్నంలో దిగేదాకా ఎవరినీ జపమాల ఆపనిచ్చేవాడు కాదు. కునుకుపాటు పడ్డవాళ్లను జపమాల సిలువతోనే పొడిచి లేపేవాడు.

సముద్రాన్ని చూడగానే జట్టంతా చేతులు జోడించింది. లూర్దమ్మ మరుసటి పొద్దున అందరూ మొదటి పూజకు పోయాక ఒంటరిగా వచ్చి, నాట్లు వేసేటప్పుడు పెట్టుకున్నట్టు చీర గోచి పెట్టుకుంది.

బావిలో ఈదినవాళ్లు చేసే తప్పే ఆమె కూడా చేసింది. బావిలో నీళ్లు ఉన్నచోటనే ఉంటాయి, మనిషే దూకాలి. అల ఎదురు వస్తుంటే ఆమె దాని మీదికి ఎగిరి దూకింది. అల ఆమెను చేతిరుమాలు పిండినట్టు పిండి, తలకిందులు చేసి, నోట్లో గుప్పెడు ఇసుక పెట్టి ఒడ్డున పారేసింది. లేచి మళ్లీ పోయింది. మళ్లీ పారేసింది. వలలోంచి చేపలు ఏరుతున్న ఒక ముసలి బెస్తామె ఇదంతా చూసి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఆమెకు తెలుగు రాదు, ఈమెకు అరవం రాదు. ముసలామె ఎడమచేతిని అలలాగా వంచి, కుడిచేతి వేళ్లను దాని కిందినుంచి దూర్చి అవతల తేల్చి చూపించింది. పాఠం అంతే.

తరువాతి అల విరగబోతూ తలెత్తినప్పుడు లూర్దమ్మ తల వంచి దాని కిందికి దూరింది. నెత్తి మీదినుంచి గూడ్సు బండి పోయినట్టయింది. అల కడుపు ఆమె వీపును రాసుకుంటూ వెళ్లింది. కళ్లు తెరిచేసరికి అది వెనక ఉంది, తాను ముందు ఉంది. తరువాత ఇంకొకటి, దాని తరువాత ఇంకొకటి. ఆ మూడోదాని అవతల నురగ లేదు, చప్పుడు లేదు. నీళ్లు ఆమెను మెల్లగా పైకి లేపి మెల్లగా కిందికి దించుతున్నాయి. పెళ్లయి వచ్చాక ఆమెను ఎవరూ అలా మోయలేదు. ఇన్నాళ్లూ మోసే పని ఆమెదే.

ఆ తరువాత ఏటా ఏదో ఒక మొక్కు దొరికేది. జ్ఞానయ్య చెవి చీము పట్టి మానితే, అక్కడ అమ్మే రేకు చెవి ఒకటి కొని మాతకు సమర్పించి వచ్చింది. పాపమ్మ మోకాలికి రేకు కాలు. తప్పిపోయిన మేక దొరికినప్పుడు మాత్రం రేకు మేక ఎక్కడా దొరకక, ఆవు బొమ్మతో సరిపెట్టింది. పక్కింటి కృష్ణమ్మవాళ్లు క్రైస్తవులు కారు. అయినా కొడుకు కడుపునొప్పి తగ్గాక, "మా మొక్కు గూడ నువ్వే తీర్చిరా పిల్లా, నీ చెయ్యి మంచిది" అని కొబ్బరికాయ చేతిలో పెట్టింది. వాడకట్టులో లూర్దమ్మకు భక్తురాలని పేరొచ్చింది. కొత్త కోడళ్లకు ఆమెను చూపించి బుద్ధులు చెప్పేవాళ్లు. ఆమె తల వంచుకుని వినేది. తల వంచడం ఆమెకు బాగా అలవాటైన విద్య.

అక్కడ ఉన్నన్ని రోజులూ తెల్లవారగానే సముద్రంలో దిగేది. జట్టు పూజలో ఉంటుంది కాబట్టి అడిగేవాళ్లు లేరు. ఎండ ముదరకముందే ఒక మంచి అలను చూసుకుని, దాని ముందు చేతులు చాపి పడుకుంటే అదే ఒడ్డుకు తెచ్చి దించేది. తడి చీర ఆరబెట్టుకుని, ముసుగు వేసుకుని, రెండో పూజలో అందరికంటే ముందు వరుసలో కూర్చునేది.

ఇలా సాగుతుండగా పందొమ్మిది వందల డెబ్బై ఒకటో సంవత్సరం వచ్చింది. పాడు సంవత్సరం. ఎవరికీ ఏ రోగమూ రాలేదు. ఎవరూ కాలు జారి పడలేదు. మేక కూడా పొద్దుగూకేసరికి దానంతట అదే ఇల్లు చేరింది. ఆగస్టు సగం గడిచింది, మాత పండుగ దగ్గర పడింది. ఒక పొద్దున జ్ఞానయ్య గడప మీద కూర్చుని తుమ్మాడు. పొయ్యి దగ్గర ఉన్న లూర్దమ్మ ఒక్క అంగలో బయటికి వచ్చింది.

"ఏమయ్యా, సర్ది పట్టిందా?"

"లేదే. పొగాకు ఘాటు."

"జర మళ్ల తుమ్ము, సూస్త."

"తుమ్మమంటే తుమ్మొస్తదానే?"

"రాత్రి చలి పెట్టిందా?"

"చలేంది, చెమటలు కారినయి."

"చెమటలు మంచియి కావు" అని లూర్దమ్మ అతని మెడ పట్టి చూడబోయింది.

బియ్యం చెరుగుతున్న పాపమ్మ చేట కింద పెట్టింది. "ఓ లూర్దు, నా కొడుకును మంచమెక్కించేదాక ఇడిసిపెట్టవా ఏంది?"

"మంచికే గదా అత్తమ్మా."

"నీ మంచి నాకు తెల్వదా? పోయినేడు నువ్వొచ్చినంక నీ రైక నేనే ఉతికిన. కుట్లనిండ ఇసుక. మోకాళ్ల మీద నడిచి మొక్కు తీరిస్తె మోకాళ్లకు అంటాలె ఇసుక. సంకల దాక ఎట్లెక్కింది?"

"గాలి అత్తమ్మా. సముద్రం గాలి."

"గాలి పోయి రైకల దూరిందా?"

లూర్దమ్మ పొయ్యి మీద చారు పొంగుతోందని లోపలికి పోయింది. చారు ఇంకా పెట్టనే లేదు.

ఆ ఆదివారం అబ్బయ్య పాపమ్మను పలకరించి, చెడు ఉద్దేశం ఏమీ లేకుండానే అన్నాడు. "నీ కోడలు మస్తు భక్తురాలు పాపమ్మా. అయితే పొద్దుగాల మొదటి పూజల మాత్రం కనపడదు. ఆడోళ్ల దిక్కు సూసే పని నాకు లేదనుకో. కానీ ఒక మనిషి తక్కువున్నట్టు తెలుస్తది గదా."

పాపమ్మకు నిద్ర పట్టలేదు. నాగపట్నం పోయి సినిమాలు చూస్తోందనుకుంది. ఉపవాసం రోజున వేయించిన చేపలు తింటోందనుకుంది. ఇంకా ఏమేమో అనుకుని, అవి జ్ఞానయ్యతో చెబితే అతను, "అవ్వా, దానికి గంత తీరికేడిది?" అన్నాడు. చివరికి ఆమె ఒక పని చేసింది. తరువాతి ఆదివారం పూజ అయ్యాక, గుడి మెట్ల మీద అందరూ చూస్తుండగా చేతులెత్తి మొక్కింది.

"తల్లీ, నా కోడలు నీ కాడికొచ్చి ఏం జేస్తున్నదో నా కండ్లకు సూపియ్యి. సూపిస్తె నీ గుడి ముంగట గుండు కొట్టించుకుంట."

ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఎందుకంటే పాపమ్మ జుట్టు అలాంటిది. మనుమరాళ్లు పుట్టినా నెరవలేదు, మోకాళ్ల దాకా ఉండేది. తలంటుకున్న రోజున వాకిట్లో మంచం వేసుకుని, దారిన పోయేవాళ్లందరికీ కనపడేటట్టు ఆరబెట్టుకునేది. ఇంకొకరి చేతికి దువ్వెన ఇచ్చేది కాదు. అలాంటి జుట్టును ఒడ్డిందంటే ఆమె తేల్చుకోవడానికే సిద్ధపడిందన్నమాట.

"ఇగ నేను గూడ రావాలె గదా" అంది పాపమ్మ ఇంటికొచ్చి. "రైల్ల కక్కుకుంట వస్త. నిన్ను గిట్ల పట్టుకున్ననా, మళ్ల నువ్వు ఉప్పల్ దాటవు. నా కొడుకుతోని ఒట్టేయించిన."

జ్ఞానయ్య భార్య వైపు చూసి, తలాడించక తప్పలేదన్నట్టు తలాడించాడు. లూర్దమ్మ లెక్క వేసుకుంది. ఈ ఏడు ప్రయాణం దొరికింది. కానీ పట్టుబడితే ఇంక ఏ ఏడూ దొరకదు.

పాపమ్మ అన్నమాట ప్రకారమే దారి పొడవునా కక్కుకుంటూ వచ్చింది. వేళాంగణిలో దిగినది మొదలు కోడలి కొంగు వదలలేదు. మొదటి పూజ, రెండో పూజ, అరవంలో పూజ, ఎవరికీ అర్థంకాని ఇంకో భాషలో పూజ, అన్నిటికీ ఇద్దరూ పక్కపక్కనే. సముద్రస్నానానికి పోతే చేయి చేయి పట్టుకుని మోకాళ్ల లోతులో మూడు మునకలు. నీళ్లు అంతలోనే వెనక్కి పోతూ లూర్దమ్మ అరికాళ్ల కింద ఇసుకను లాగి, రమ్మని పిలిచి పోయేవి. ఆమె ఉప్పు చేపలా ఎండిపోయింది. తలనొప్పి వచ్చింది. తన తలనొప్పికి ఎవరికి మొక్కుకోవాలో తెలియలేదు.

తిరుగు ప్రయాణం రోజు తెల్లవారింది. మధ్యాహ్నం బండి. ఇద్దరూ గుడి వెనక సందులోంచి ఒడ్డుకు నడుస్తున్నారు. అక్కడ మంగళ్లు వరసగా కూర్చుని కత్తులు నూరుకుంటున్నారు. ఒకతను పాపమ్మ కొప్పు చూసి, ఆశగా పీట జరిపాడు. పాపమ్మ ఉలిక్కిపడి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, కోడలి చాటున దాక్కుంటూ ఆ వరస దాటింది. దాటాక కూడా వెనక్కి తిరిగి చూసింది.

లూర్దమ్మ నడక ఆగిపోయింది. ఇన్ని రోజులూ ఆ మొక్కులో తన తలే ఇరుక్కుందని అనుకుంది. అందులో ఇరుక్కున్న తల ఇంకొకటి ఉందని అప్పుడు వెలిగింది. వెలిగింది గానీ, నమ్మకం చాలలేదు. జుట్టు పోతే పోయిందని అత్త తెగిస్తే? అటు సముద్రం మోత వినపడుతోంది. ఏటా వచ్చి మోకాళ్లు తడుపుకుని పోయేదానికి ఇంత దూరం రావడం దేనికి అనుకుంది.

ఇసుకలోకి రాగానే, స్నానానికని తెచ్చిన గిన్నె అత్తకు ఇచ్చింది. "అత్తమ్మా, జర ఇది పట్టుకో. నేను గటు పోయొస్త."

"ఎటు?"

లూర్దమ్మ గడ్డంతో సముద్రాన్ని చూపించింది. పాపమ్మ ఆ సైగను నమిలి మింగేలోపే చీర గోచి పడింది, ఆమె నీళ్లలో ఉంది. వెనక నుంచి, "ఓ లూర్దు, ఓ పిల్లా, నీకేం పుట్టిందే" అనే కేక వినపడింది. మొదటి అల వచ్చి ఆ కేకను మింగేసింది. లూర్దమ్మ దాని కిందికి పోయింది. రెండోది పెద్దది. అడుగు ఇసుకను చేత్తో తాకేదాకా వంగి, దాన్ని పైనుంచి పోనిచ్చింది. మూడోది ఎప్పటిలాగే ఆలస్యంగా విరిగింది. దాని అవతల తేలి, వెల్లకిలా పడుకుని, ఏడాది పొడుగునా దాచుకున్న ఊపిరి వదిలింది.

తరువాత ఒడ్డు వైపు చూసింది. నీళ్లు పైకి లేపినప్పుడు ఒడ్డు కనపడుతుంది, కిందికి దించినప్పుడు ఏమీ కనపడదు. ఒకసారి లేచేసరికి పాపమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో, గిన్నె నెత్తి మీద పెట్టుకుని నిలబడి ఉంది. ఇంకోసారి లేచేసరికి గిన్నె నీళ్ల మీద తేలుతోంది, పాపమ్మ దాని వెంట పడుతోంది. మూడోసారి చూసేసరికి దూరంగా తెల్ల లాల్చీ ఒకటి ఇసుకలో నడిచి వస్తోంది. అబ్బయ్య. లూర్దమ్మ నవ్వు ఆగిపోయింది.

దొరికిన అల పట్టుకుని, కొంచెం పక్కగా, బెస్తవాళ్ల తెప్ప ఒకటి ఒడ్డుకు లాగి ఉన్నచోట తేలింది. తెప్ప చాటున ఇసుకలో బోర్లా పడుకుంది. మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి.

"పాపమ్మా, కోడలేది? బండికి టైమైతున్నది."

"గుడిల ఉన్నది."

"నేను గుడిలకెంచే వస్తున్న."

"అయితే దారిల ఉన్నది."

"దారిల నేనే ఉన్న గదా." అబ్బయ్య కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఇందాక నీళ్లల్ల ఎవరో తేలుతున్నట్టు కనపడ్డరు. ఆడమనిషి లెక్కనే ఉండె."

"కొబ్బరికాయ అది."

"చేతులాడిచ్చింది పాపమ్మా."

"ఆడిస్తది. ఇది మహిమల చోటు గాదా? రైల్ల నువ్వే గదా జెప్పినవ్."

అబ్బయ్య చేయి దించి పాపమ్మ వైపు తిరిగాడు. తరువాత, "నీ మొక్కు సంగతేమాయె? ఏమన్న కనపడ్డదా? ఆ కొసకున్న మంగలాయన ఖాళీగనే ఉన్నడు" అన్నాడు.

తెప్ప చాటున లూర్దమ్మ ఊపిరి బిగబట్టింది. అల కింద కూడా అంతసేపు బిగబట్టి ఎరగదు.

"ఏం కనపడలే" అంది పాపమ్మ. "ఎండ కండ్లల్ల పడ్డది."

ఆయన వెళ్లిపోయాక పాపమ్మ నేరుగా తెప్ప దగ్గరికి వచ్చి, తడి గిన్నెతో కోడలి వీపు మీద ఒకటి వేసింది. గట్టిగానే వేసింది.

"నువ్వు సచ్చిపోతె నా కొడుక్కు ఏం జెప్పాలెనే? పండుగకు పోయిన అత్త కోడలిని ముంచేసొచ్చిందనరా?"

"సావను అత్తమ్మా. ఏటా పోతనే ఉన్న గదా."

"ఏటానా?" పాపమ్మ ఇసుకలో కూలబడింది. చేసేదేమీ లేక కొప్పు విప్పి, ఉప్పునీళ్లు పిండుకుని, మళ్లీ ముడి వేసుకుంది. చాలాసేపటికి, "తల ఎందుకు ముంచుతున్నవ్?" అని అడిగింది.

"ముంచకపోతె అల తంతది."

"గట్లనా. మేం బావిల తల ముంచకపోయేది. నేను మోట కాడికెంచి దుంకేదాన్ని తెలుసా, సొరబుర్రలు గూడ లేకుండ. నీ మామ అది సూసే నన్ను చేసుకున్నడు." ఆ మాట ఇన్నేళ్లలో ఆమె నోట ఎవరూ వినలేదు. లూర్దమ్మ అత్త ముఖంలోకి చూసింది. పాపమ్మ మాత్రం అలలను లెక్కబెడుతున్నట్టు ముందుకే చూస్తోంది. "ఆ మూడో దాని అవతల ఏమున్నదే?"

"ఏం లేదత్తమ్మా. ఊపుతది అంతే."

"అంతేనా?"

"అంతే."

పాపమ్మ ఇంకొంచెం ఆలోచించింది. "తల్లికైతే అబద్ధం జెప్పలే" అంది తనలో తాను. "ఏం జేస్తున్నదో సూపియ్యమన్న. నేను సూసింది ఉత్త తలకాయ. నీళ్ల కింద ఏం జేస్తున్నవో నాకు సమజే కాలే. సమజ్ కానిది సూసినట్టెట్ల అయితది?"

"కాదు అత్తమ్మా" అంది లూర్దమ్మ వెంటనే.

"నిన్నెవరన్న అడిగిన్రా? పో, చీర మార్చుకో."

తిరుగు రైల్లో పాపమ్మ ఒక్కసారి కూడా కక్కలేదు. అబ్బయ్య ఎదురుగా కూర్చుని జపమాల తిప్పుతూ మధ్యమధ్య ఆమె కొప్పు వైపు, లూర్దమ్మ మెడ మీద తెల్లగా పేరుకున్న ఉప్పు వైపు చూశాడు. ఏమీ అడగలేదు. అడిగితే మహిమల గురించి తాను చెప్పిన కథలన్నీ తిరిగి తనకే వస్తాయని భయపడి ఉంటాడు.

సికింద్రాబాదు స్టేషనుకు జ్ఞానయ్య వచ్చాడు. ముందు తల్లి తల చూశాడు. జుట్టు ఉంది. తరువాత భార్య ముఖం చూశాడు. ఆమె మూట సర్దుకుంటోంది.

"ఏమవ్వా, దొరికిందా దీని గుట్టు?"

"ఏడ దొరుకుతది రా?" అంది పాపమ్మ, నడుము మీద చేతులు పెట్టుకుని. "ఒక్కనాడు పోతె దొరుకుతదా? శాన దూరంల ఉన్నది. వచ్చే ఏడు మళ్ల పోవాలె. నువ్వు మాత్రం తుమ్మకుండ కమ్మగ ఉండు, నీతోని పని లేదు ఇగ."